పంటి నొప్పి – కారణములు, దంత వైద్యుని వద్దకు వెళ్ళవలసిన సమయము

మెతుకు పండు సీమ గనుక మెదకునకు ఆ పేరు వచ్చినదని పెద్దలు చెప్పుదురు. మంజీర నది మీది ఘనపురము ఆనకట్ట క్రింద వరి పండించు రైతు ఆ మెతుకును తృప్తిగా నమిలి తినవలెనన్న పళ్ళు గట్టిగా ఉండవలెను. అయినను ఎద్దు కుంటినచో ఆనాడే పశువైద్యుని వద్దకు తోలుకొని పోవు రైతు, తన పన్ను నొప్పి పుట్టినచో లవంగముతోను, మాత్రలతోను నెలల తరబడి కాలము గడుపుచున్నాడు. నొప్పి తగ్గగానే నయమైనదని తలచి మరచిపోవుచున్నాడు.

పంటి విషయమున జరుగుచున్న పెద్ద పొరపాటు ఇదియే. రాత్రింబవళ్ళు బాధించిన పన్ను, వైద్యము లేకుండనే ఒకనాడు నొప్పి మానినచో అది నయమగుట కాదు. లోపలి నరము చచ్చినందుననే నొప్పి ఆగియుండును. రోగము మాత్రము వేరు దాటి ఎముకలోనికి పోవుచుండును. కావున నొప్పి ఎందువలన వచ్చును, ఏ నొప్పి దేనికి గుర్తు, ఏ సమయమున ఇంటి వైద్యము చాలించి దంత వైద్యుని వద్దకు పోవలెను అను విషయములను ప్రతి రైతు కుటుంబము తెలిసికొనుట అవసరము.

పంటి నిర్మాణము

పన్ను రాయి వంటిది కాదు. ప్రాణము గల అవయవము. పైకి కనిపించు భాగము మీద తెల్లని పింగాణీ పొర కలదు. మన శరీరమంతటిలో ఇంతకంటె గట్టి పదార్థము మరియొకటి లేదు. అయితే ఒకసారి పోయిన పింగాణీ తిరిగి పెరుగదు. దాని క్రింద లేత పసుపు రంగు గల దంతధాతువు ఉండును. ఇది పింగాణీకంటె మెత్తన. దీనిలో కంటికి కనిపించని సన్నని గొట్టములు అసంఖ్యాకముగా నున్నవి. పింగాణీ పోయి ఈ పొర బయటపడినచో చల్లని నీరు, తీపి తగిలినప్పుడు పన్ను జివ్వుమనును.

అన్నిటికంటె లోపల పంటి గుజ్జు కలదు. నరములు, రక్తనాళములు వేరు కొన యందలి సన్నని రంధ్రము గుండా వచ్చి ఈ గుజ్జును చేరును. చేతికి దెబ్బ తగిలినచో వాచుటకు చోటున్నది. పంటి గుజ్జు గట్టి గోడల మధ్య బంధింపబడి యుండుటచే వాచుటకు చోటు లేదు. ఆ ఒత్తిడి అంతయు నరము మీదనే పడును. పంటి నొప్పి అంత దుర్భరముగా నుండుటకు కారణమిదియే.

పన్నులో పురుగు కలదా?

"పన్నుకు పురుగు పట్టింది" అని మనవారు అందురు. ఈ నమ్మకము మన దేశములోనే గాక ప్రాచీన బాబిలోను మొదలు అనేక దేశములలో ఉండెను. ఫ్రాన్సు దేశపు దంత వైద్యుడు పియరీ ఫోషార్ 1728లో ప్రకటించిన గ్రంథమున ఈ నమ్మకమును త్రోసిపుచ్చెను. 1890లో డబ్ల్యు. డి. మిల్లర్ అను శాస్త్రజ్ఞుడు, నోటిలోని సూక్ష్మజీవులు మనము తిన్న తీపి, పిండి పదార్థములను పులియజేసి ఆమ్లమును పుట్టించుననియు, ఆ ఆమ్లమే పన్నును కరగించుననియు వివరించెను. మన మెదకు పెద్ద చర్చి ప్రతిష్ఠ జరిగిన 1924వ సంవత్సరముననే క్లార్క్ అను శాస్త్రజ్ఞుడు ఇట్టి సూక్ష్మజీవులలో ముఖ్యమైన దానిని పుచ్చు పళ్ళ నుండి వేరుచేసి, దానికి స్ట్రెప్టోకాకస్ మ్యూటాన్స్ అని పేరు పెట్టెను.

కావున పన్నులో కదలు పురుగు లేదు. పొగ వేసి పురుగులు తీసితిమని పళ్ళెములోని నీళ్ళలో చూపువారి మాట నమ్మరాదు. నిప్పుల మీద వేసిన గింజలు వేడికి పగిలినప్పుడు వెలికివచ్చు తెల్లని మొలక భాగములే చూచువారికి పురుగులవలె కనిపించును. వారికి ఇచ్చిన పైకము పోవుట అటుంచి, వైద్యము చేయించుకొనవలసిన కాలము కూడ వృథా యగును.

అయితే ఒక పోలిక రైతునకు ఉపయోగపడును. వరిలో కాండము తొలుచు పురుగు పిలకలో దూరిన తరువాత పైకి ఏమియు కనిపించదు. తెల్లకంకి కనిపించునప్పటికి లోపల జరుగవలసిన నష్టము జరిగిపోయి యుండును. అప్పుడు మందు చల్లిననూ ఆ కంకి తిరిగి రాదు. పుచ్చు పన్ను కూడ అట్టిదే. పైన సూది మొన యంత నల్లని చుక్క యుండును. లోపల మెత్తని దంతధాతువులో పెద్ద గుహ ఏర్పడి యుండును. నొప్పి వచ్చువరకు ఆగుట తెల్లకంకి వచ్చువరకు ఆగుట వంటిది.

పన్ను పుచ్చు విధము

తీపి తిన్న కొన్ని నిమిషములలోనే నోటిలో ఆమ్లము పుట్టును. దాని ప్రభావము సుమారు అరగంట వరకు పన్ను మీద ఉండును. తరువాత నోటిలో ఊరు ఉమ్మి ఆమ్లమును కడిగి, కరగిన ఖనిజములను కొంతవరకు తిరిగి పన్నుకు చేర్చును. కావున ఎంత తీపి తింటిమను దానికంటె, దినమునకు ఎన్నిసార్లు తింటిమను విషయము ముఖ్యము. పొలము పని మీద దినమునకు 5 సార్లు చక్కెర వేసిన చాయ త్రాగు మనిషి పళ్ళు సుమారు రెండున్నర గంటలు ఆమ్లములో నానుచున్నవి. అదే చక్కెరను భోజనముతో పాటు ఒకసారి తీసికొన్నచో పంటికి కోలుకొనుటకు వ్యవధి దొరకును.

బెల్లము పళ్ళకు హాని చేయదని కొందరి అభిప్రాయము. ఇది సరికాదు. పంటి మీది సూక్ష్మజీవికి బెల్లమైనను, చక్కెరయైనను, చెరకు రసమైనను ఒకటే. పళ్ళ సందులలో అంటుకొని పోవు బిస్కెట్లు, మిఠాయి మరింత హాని చేయును. తీపి కల్లు, సీసాలలో అమ్ము చల్లని పానీయములు తీపితో పాటు పులుపు కూడ కలిగియుండుటచే రెండు విధముల చెరుపు చేయును.

రాత్రి నిద్రలో ఉమ్మి ఊరుట చాల తగ్గును. కావున రాత్రి తీపి తిని పళ్ళు తోముకొనక పడుకొనుట అన్నిటికంటె చెడ్డ అలవాటు.

నొప్పి నడచు నాలుగు దశలు

మొదటి దశ: చల్లని నీరు, తీపి తగిలినప్పుడు జివ్వుమని, ఆ వస్తువు తీసివేయగానే ఒకటి రెండు క్షణములలో తగ్గును. పుచ్చు దంతధాతువు వరకే పోయినదని దీని అర్థము. ఈ దశలో సాధారణముగా ఒకే పర్యాయము వైద్యుని వద్దకు పోయి, పుచ్చు భాగమును తొలిపించి గుంట పూడ్పించుకొనిన చాలును. ఖర్చు తక్కువ, పన్ను దక్కును.

రెండవ దశ: వేడి చాయ తగిలినచో నొప్పి మొదలై చాలసేపటివరకు తగ్గదు. ఏమియు తినకున్నను తనంతట తానే వచ్చును. రాత్రి పడుకొన్నచో పోట్లు ఎక్కువగును. ఏ పన్ను నొచ్చుచున్నదో చెప్పుటకు కూడ వీలుండదు. చెవిలోనికి, కణతలోనికి లాగును. గుజ్జు వాచినదని దీని అర్థము. ఇప్పుడు పైన పూడ్చినంత మాత్రమున లాభము లేదు. గుజ్జును తీసివేసి వేరులోని మార్గమును శుభ్రపరచి మూయు రూట్ కెనాల్ చికిత్స గాని, పన్ను తీయించుట గాని అవసరమగును.

మూడవ దశ: నొప్పి హఠాత్తుగా ఆగిపోవును. జనులు మోసపోవుట ఇక్కడనే. "తాతా, దవఖానకు పోలేదా?" అని ఆరోగ్య కార్యకర్త అడిగినచో, "ఎందుకు బిడ్డా, గిప్పుడు నొస్తలేదు గద" అను సమాధానము తరచుగా వినవచ్చును. నిజమునకు నరము చచ్చి, కుళ్ళిన గుజ్జు వేరులో నిలిచి యున్నది. చల్లనిది గాని వేడిది గాని ఆ పంటికి ఇప్పుడు తెలియదు. ఈ నిశ్శబ్దము వారములు, నెలలు, ఒక్కొక్కప్పుడు సంవత్సరములు కూడ ఉండవచ్చును.

నాలుగవ దశ: కుళ్ళు వేరు కొన దాటి దవడ ఎముకలో చీము పట్టును. పన్ను మిగిలిన వాటికంటె ఎత్తుగా లేచినట్లు తోచును. పై పన్ను తగిలినచో ప్రాణము పోయినట్లుండును. చిగురు మీద చిన్న గుల్ల లేచి చీము కారవచ్చును. చీము కారినచో నొప్పి మరల తగ్గును. మరల మనిషి మోసపోవును. చీము బయటికి దారి కానక బుగ్గలోనికి, దవడ క్రిందికి, మెడలోనికి దిగినచో ప్రాణాపాయము కలుగవచ్చును.

పంటి నొప్పికి ఇతర కారణములు

చిగుళ్ళ వ్యాధి: పళ్ళ మొదళ్ళలో పాచి నిలిచి గట్టిపడి గార యగును. చిగుళ్ళు వాచి, తోముకొనునప్పుడు రక్తము కారును. ఈ దశలో నొప్పి యుండదు. రానురాను పన్నును పట్టియుంచు ఎముక కరగి, పళ్ళు కదలి, నోరు దుర్వాసన వేయును. మొక్క మొదలు చుట్టు మట్టి కొట్టుకొని పోయినచో మొక్క వాలునట్లే ఎముక పోయిన పన్ను నిలువదు. గార తీయించినచో పళ్ళు వదులగునను భయము నిరాధారము. అంతకు ముందే వదులైన పళ్ళను గార పట్టి యుంచుటచే అట్లు తోచును.

పగిలిన పన్ను: రాయి గల అన్నము కొరికినప్పుడు, సోడా మూత పంటితో తీసినప్పుడు పన్ను నిలువున చీలవచ్చును. ఒకానొక చోట కొరికినప్పుడు, ముఖ్యముగా కొరికి వదిలినప్పుడు చురుక్కుమనుట దీని గుర్తు.

అరగిన పన్ను: ఇటుక పొడి, బొగ్గు, ఇసుక, గరకు ఉప్పు వీనితో గట్టిగా రుద్దుటచే చిగురు దగ్గర పన్ను గాడి పడును. చల్లగాలి తగిలినను జివ్వుమనును.

జ్ఞానదంతము: సాధారణముగా 17 నుండి 25 సంవత్సరముల వయస్సులో దవడ చివర వచ్చును. చోటు చాలక వంకరగా పెరిగినచో పైనున్న చిగురు క్రింద అన్నము చేరి వాచును. నోరు తెరచుటకు, మ్రింగుటకు కష్టమగును.

సందులలో ఆహారము: మాంసపు పీచు, జొన్నరొట్టె తునుక ఇరికి చిగురు నొచ్చును. దారముతో మెల్లగా తీయవలెను. గుండుసూది, మేకు, చీపురు పుల్ల గుచ్చరాదు. ఒకే సందులో ఎల్లప్పుడు ఇరుకుచున్నచో అక్కడ పుచ్చు ఉండవచ్చును.

పళ్ళు కొరుకుట: నిద్రలో పళ్ళు నూరువారికి ఉదయము లేవగానే దవడ, పళ్ళు మందముగా నొచ్చును.

పంటిలో లేని పంటి నొప్పి

కొన్ని నొప్పులు పంటిలో పుట్టినట్లు తోచును గాని కారణము వేరొక చోట ఉండును. జలుబు చేసి, పై దవడ పళ్ళన్నియు ఒకేసారి నొచ్చుచు, తల వంచినప్పుడు బరువెక్కినచో ముక్కు ప్రక్కనున్న సైనసు గదులలో చీము చేరి యుండవచ్చును. ముఖము కడిగినప్పుడు, గాలి తగిలినప్పుడు ఒక ప్రక్క మెరుపువలె క్షణకాలము పొడిచి ఆగు నొప్పి ముఖ నరమునకు సంబంధించినది కావచ్చును. దానికి పళ్ళు పీకించిన ప్రయోజనము లేదు.

అన్నిటికంటె ముఖ్యమైనది గుండెకు సంబంధించిన నొప్పి. బరువు మోయునప్పుడో, గట్టు ఎక్కునప్పుడో క్రింది దవడ నొచ్చి, విశ్రాంతి తీసికొనగానే తగ్గుచున్నచో, లేక దవడ నొప్పితో పాటు ఛాతిలో ఒత్తిడి, చెమటలు, ఆయాసము ఉన్నచో అది పంటి నొప్పి కాకపోవచ్చును. వెంటనే 108 నంబరునకు ఫోను చేసి ఆసుపత్రికి పోవలెను.

ఇంటివద్ద చేయదగినది

వైద్యుని వద్దకు పోవు వరకు బాధ తగ్గుటకు ఈ క్రింది పనులు చేయవచ్చును.

1. గ్లాసెడు గోరువెచ్చని నీళ్ళలో అర చెంచా ఉప్పు వేసి పుక్కిలింపవలెను. సందులలో చిక్కిన ఆహారమును మెల్లగా తొలగింపవలెను.

2. బుగ్గ వాచినచో బయటనుండి చల్లని తడి గుడ్డ గాని, గుడ్డలో చుట్టిన మంచు గాని 10, 15 నిమిషములు పెట్టవలెను. వేడి కాపడము పెట్టరాదు.

3. పెద్దవారు 500 మిల్లీగ్రాముల పారాసిటమాల్ మాత్ర ఒకటి, కనీసము 6 గంటల వ్యవధి నుంచుచు వేసికొనవచ్చును. కాలేయ వ్యాధి కలవారు, ప్రతిదినము కల్లు గాని మద్యము గాని త్రాగువారు వైద్యుని అడుగక వేసికొనరాదు.

4. లవంగ నూనెను దూదికి ఒక చుక్క అద్ది పుచ్చు గుంటలో పెట్టినచో కొంతసేపు ఉపశమనము కలుగును. చిగురునకు, నాలుకకు తగిలినచో పొక్కును. చిన్న పిల్లలకు వాడరాదు. ఇది నొప్పిని మరపించునే గాని రోగమును కుదుర్చదు.

5. పడుకొనునప్పుడు తల ఎత్తుగా ఉంచుకొన్నచో పోటు కొంత తగ్గును.

చేయరాని పనులు

జిల్లేడు పాలు, నాటు సారా, పెట్రోలు, పొగాకు నలుసు పంటిలో పెట్టరాదు. మాత్రను నలగగొట్టి చిగురుపై అద్దరాదు, చిగురు కాలును. బుగ్గపై వాతలు పెట్టరాదు. పురుగు పన్నును చంపునను ఊహతో పురుగుమందులను నోటి దరికి చేర్చుట ప్రాణాంతకము. పిచికారీ యంత్రపు నాజిల్ మూసుకొన్నచో నోటితో ఊదరాదు. మందు సీసాల మూతలు పంటితో తీయరాదు.

మందుల దుకాణములో అడిగి యాంటీబయాటిక్ మాత్రలు కొని రెండు దినములు వాడి మానుట మన ప్రాంతమున వ్యాపించిన చెడ్డ అలవాటు. కాండము లోపలనున్న పురుగుకు ఆకు మీద చల్లిన మందు ఎట్లు అందదో, చచ్చిన గుజ్జులోనికి ఈ మాత్రలు అట్లే అందవు. అక్కడ రక్త ప్రసారమే లేదు. చీము కొంత అణగి మరల లేచును. సగము మందు తిని మిగిలిన సూక్ష్మజీవులు మందుకు లొంగనివి కావచ్చును. వైద్యుడు వ్రాసినప్పుడు మాత్రము, చెప్పినన్ని దినములు వాడవలెను.

ఎప్పుడు వైద్యుని వద్దకు వెళ్ళవలెను?

క్షణమైన ఆలస్యము చేయక, రాత్రియైనను ఆసుపత్రికి పోవలసిన లక్షణములు:

1. వాపు దవడ క్రిందికి, మెడకు, లేక కంటి వైపునకు వ్యాపించుట.

2. నాలుక క్రింద వాచి నాలుక పైకి లేచుట, మ్రింగలేక చొంగ కారుట, మాట మారుట, ఊపిరి ఆడకుండుట.

3. వాపుతో పాటు జ్వరము, చలి వచ్చుట. నోటిలో రెండు వ్రేళ్ళు పట్టనంతగా దవడలు బిగియుట.

4. పన్ను తీయించిన తరువాత గట్టిగా గుడ్డ కొరికి పట్టినను రక్తము ఆగకుండుట.

ఇట్టి సమయమున దంత వైద్యుడు లేడని ఇంటికి తిరిగి రారాదు. అత్యవసర విభాగములోనే చూపవలెను. 108 వాహనమును పిలువవలెను.

ఒకటి రెండు దినములలో పోవలసినవి: రాత్రి నిద్ర పట్టనీయని నొప్పి, వేడి తగిలి ఆగని నొప్పి, కొరికినప్పుడు నొప్పి, చిగురు మీద చీము గుల్ల, పన్ను విరుగుట, మాత్ర వేసికొన్నను రెండు దినములకు మించి నిలిచిన ఏ నొప్పియైనను.

రెండు వారములలోగా పోవలసినవి: చల్లనికి, తీపికి జివ్వుమనుట, నల్లని గుంట కనిపించుట, చిగుళ్ళ నుండి రక్తము, కదలు పన్ను, తీవ్రముగా నొచ్చి తనంతట తానే ఆగిన పన్ను.

వీనితో పాటు మరియొక ముఖ్య విషయము గమనింపవలెను. నోటిలో రెండు వారములకు మానని పుండు, తెల్లని లేక ఎర్రని మచ్చ, గుట్కా, ఖైనీ, జర్దా నమలువారికి నానాటికి నోరు తెరుచుకొనకుండుట, ఇవి నొప్పి లేకున్నను అపాయకరమైనవి. నోటి పుట్టకురుపునకు ఇవి మొదటి గుర్తులు కావచ్చును. తొందరగా చూపినచో నయమగుటకు అవకాశము ఎక్కువ.

దెబ్బ తగిలి ఊడిన పన్ను

ఎద్దు కొమ్ము తగిలి గాని, మోటారు సైకిలు మీదనుండి పడి గాని ముందు పన్ను వేరుతో సహా ఊడినచో పారవేయరాదు. తెల్లని పై భాగమును పట్టుకొనవలెను. వేరును ముట్టరాదు, రుద్దరాదు. మట్టి అంటినచో పాలతో గాని నీళ్ళతో గాని కొద్ది క్షణములు కడిగి, వీలైనచో ఆ గుంటలోనే తిరిగి నిలిపి, మెత్తని గుడ్డ కొరికి పట్టుకొనవలెను. వీలుకానిచో చల్లని పాలలో వేసికొని వైద్యుని వద్దకు పరుగెత్తవలెను. పాడి గల ఇంట పాలకు కొదువ లేదు గదా! అరగంట, గంట లోపల చేరినచో పన్ను తిరిగి అతుకుకొను అవకాశము కలదు. పాలపళ్ళను మాత్రము తిరిగి పెట్టరాదు.

ఎక్కడికి పోవలెను? ఏమి చేయుదురు?

2016లో మెదకు పట్టణము జిల్లా కేంద్రమైనది. ఇచ్చట జిల్లా ఆసుపత్రి కలదు. దంత వైద్యుడు ఏ దినములలో, ఏ వేళలలో చూచునో ముందుగా ఓ.పి. చీటీ ఇచ్చు చోట విచారించి పోయినచో ఒక దినము కూలి వృథా కాదు. గ్రామములలోని వారు ప్రాథమిక ఆరోగ్య కేంద్రములో చూపి, అవసరమైనచో చీటీ వ్రాయించుకొని పోవచ్చును. క్లిష్టమైన చికిత్సలకు హైదరాబాదు అఫ్జల్‌గంజ్‌లోని ప్రభుత్వ దంత వైద్య కళాశాల ఆసుపత్రి కలదు. ఇది 1959లో ప్రారంభమైనది. మెదకు నుండి హైదరాబాదు సుమారు 100 కిలోమీటర్లు. బస్సులతో పాటు 2022 సెప్టెంబరు నుండి మెదకు పట్టణమునకు రైలు సౌకర్యము కూడ ఏర్పడినది.

వైద్యుడు మొదట నోరు చూచి, పన్నును మెల్లగా తట్టి, అవసరమైనచో ఎక్స్‌రే తీయును. చికిత్సకు ముందు మధుమేహము, రక్తపు పోటు, గుండె జబ్బు, రక్తము పలుచన చేయు మందులు, గర్భము, పడని మందులు వీనిని గూర్చి దాచక చెప్పవలెను. ఇప్పుడు మత్తు సూది ఇచ్చిన తరువాతనే పని చేయుదురు గనుక భయపడవలసిన పని లేదు. పై పళ్ళు తీయించినచో కంటిచూపు తగ్గునను మాట నిజము కాదు. కంటి నరమునకు, పంటి నరమునకు పొత్తు లేదు.

పన్ను తీయించుకొన్నవారు దూదిని అరగంటకు పైగా గట్టిగా కొరికి పట్టవలెను. ఆ దినము పుక్కిలించుట, మాటిమాటికి ఉమ్మివేయుట, బీడీ, కల్లు పనికిరావు. గుంటలో గడ్డకట్టిన రక్తమే మానుటకు ఆధారము. అది ఊడినచో మూడవనాటికి తీవ్రమైన నొప్పి పుట్టును. అట్లయినచో తిరిగి వైద్యునికి చూపవలెను.

పిల్లలు, గర్భిణులు, మధుమేహ రోగులు

"ఊడిపోవు పాలపళ్ళకు వైద్యమేల?" అని అనుకొనరాదు. 20 పాలపళ్ళును రాబోవు పళ్ళకు చోటు కాపాడును. నొప్పితో నమలలేని బిడ్డ బరువు తగ్గును, బడికి పోజాలదు. సుమారు 6వ ఏట పాలపళ్ళ వెనుక వచ్చు దవడ పన్ను ఎన్నటికిని ఊడని పన్ను. దానిని పాలపన్నని తలచి పుచ్చి పోనిచ్చు తల్లిదండ్రులు అనేకులు. నిద్రపోవు బిడ్డ నోట పాలసీసా ఉంచరాదు.

గర్భిణులకు చిగుళ్ళు వాచి రక్తము కారుట కద్దు. వారు పంటి వైద్యము చేయించుకొనరాదను నమ్మకము సరికాదు. ముఖ్యముగా 4, 5, 6 నెలలు చికిత్సకు అనువైనవి. చీము పట్టినచో ఏ నెలయైనను ఆగరాదు.

మధుమేహము గలవారికి చిగుళ్ళ వ్యాధి త్వరగా ముదురును. చిగుళ్ళలో చీమున్నంతకాలము రక్తములోని చక్కెర కూడ అదుపులోనికి వచ్చుట కష్టము. వీరు నొప్పి లేకున్నను సంవత్సరమునకు రెండుసార్లు పళ్ళు చూపించుకొనవలెను.

గార పళ్ళు, బోరు నీరు

ఎనిమిదేండ్ల లోపు వయస్సులో ఫ్లోరైడు ఎక్కువగా గల నీరు త్రాగిన పిల్లల పళ్ళపై సున్నపు మచ్చలు, గోధుమ రంగు చారలు ఏర్పడును. మన తెలుగు ప్రాంతములో ఈ వ్యాధిని 1937లో నాటి మద్రాసు రాష్ట్రములోని నెల్లూరు ప్రాంతమున గుర్తించిరి. తరువాత నల్లగొండ ప్రాంతము దీనికి పేరుపడినది. ఈ మచ్చలు పుచ్చు కావు; ఇసుకతో రుద్దిన పోవు. త్రాగు నీటిలో లీటరుకు ఫ్లోరైడు 1 మిల్లీగ్రాముకు మించకుండుట మంచిది. వేరు నీరు దొరకని చోట కూడ 1.5 మిల్లీగ్రాములు దాటరాదు. లోతైన బోర్లలో ఇది ఎక్కువగా ఉండవచ్చును గనుక పరీక్ష చేయింపవలెను. 2016 ఆగస్టు 7వ తేదీన నాటి మెదకు జిల్లా గజ్వేలు ప్రాంతపు కోమటిబండలో ప్రారంభమైన మిషన్ భగీరథ నీటిని త్రాగుటకు వాడుకొని, బోరు నీటిని పైరుకు ఉంచుకొనుట మేలు.

నివారణ

ఉదయము ఒకసారి, రాత్రి భోజనము తరువాత ఒకసారి మెత్తని బ్రష్షుతో, ఫ్లోరైడు గల పేస్టుతో రెండు నిమిషములు తోముకొనవలెను. రెండింటిలో రాత్రి తోముట ముఖ్యము. పెద్దలకు శనగ గింజంత పేస్టు చాలును. మూడేండ్ల లోపు పిల్లలకు బియ్యపు గింజంత మించరాదు. ఫ్లోరైడు నీరు త్రాగు ఊళ్ళలో చిన్న పిల్లల పేస్టు విషయమై వైద్యుని అడుగవలెను. వేపపుల్ల వాడువారు దానిని కుంచెవలె మెత్తగా నమిలి, చిగురు నుండి పంటి కొన వైపునకు మెల్లగా తోమవలెను. రాత్రి మాత్రము పేస్టుతో తోముట మంచిది.

చాయలో చక్కెర తగ్గింపవలెను. త్రాగు పర్యాయములు తగ్గింపవలెను. తీపి తినదలచినచో భోజనముతోనే తిని నోరు పుక్కిలింపవలెను. పొగాకును ఏ రూపమునను ముట్టరాదు.

దుక్కులకు ముందే నాగలి సరిచేసికొనుట, నాట్లకు ముందే మోటారు బాగుచేయించుకొనుట రైతునకు అలవాటే. అట్లే నాట్లు ముగిసి కోతలకు ముందు దొరకు తీరిక దినములలో ఒకనాడు ఇంటిల్లిపాదియు పళ్ళు చూపించుకొనవలెను. కోతల నడుమ దవడ వాచినచో పైరును విడువలేము, నొప్పిని భరింపలేము. చిన్న గుంటగా నున్నప్పుడు ఒక పూటలో తీరు పని, ఆలస్యము చేసినచో పలు ప్రయాణములు, హెచ్చు ఖర్చు, తుదకు పన్నునే కోరును.

రైతు సోదరులారా, సోదరీమణులారా! మీ ఇంట నొచ్చి నొచ్చి ఆగిన పన్ను ఎవరికైన ఉన్నదేమో ఈ పూటనే అడిగి చూడుడు. నొప్పి లేదు గనుక భయము లేదని వారు చెప్పవచ్చును. అట్టివారినే ముందుగా దంత వైద్యుని వద్దకు తీసికొని పొండు.